చీకటి తెరలో ముఖం

నూకరాజు మరోసారి పవర్ బటన్ నొక్కి ల్యాప్‌టాప్ మీదికి చెవి వంచాడు. లోపల ఫ్యాన్ తిరిగింది. తెర గులాబీరంగులో మసకగా వెలిగి పాస్‌వర్డ్ అడిగింది. పొద్దున్న గోవిందరావు చెప్పి వెళ్ళిన అంకెలు కొట్టాడు. అవి ఆ పెద్దాయన రైలు డ్రైవరుగా ఆఖరున నడిపిన ఇంజను నంబరు. ఆయన కూతురు భవిత దాన్నే తాళంగా పెట్టుకుంది. లాగిన్ అయినప్పుడు వచ్చే చిన్న సంగీతం వినిపించింది. ఆ వెంటనే తెర నల్లబడిపోయింది.

నల్లటి అద్దంలో అతని ముఖమే కనిపించింది. నెరిసిన గడ్డం, నుదుటి మీదికి నెట్టుకున్న కళ్ళజోడు. కుడి భుజం వెనక, కాస్త కిందుగా, ఒక చిన్న నీడ. షట్టరుకి వేలాడదీసిన వైర్లచుట్ట నీడేనని అతనికి తెలుసు. అయినా తిరిగి చూడలేదు. టీవీలు బాగుచేసే రోజుల్లోనూ అంతే. ఆరిపోయిన ప్రతి పిక్చర్ ట్యూబ్‌లోనూ ఎవరో పసిపిల్ల తన వెనక నిలబడి పని చూస్తున్నట్టుండేది. ఒక్కసారీ తిరగలేదు.

నూకరాజు తండ్రి పలాస వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్ రైలింజన్ల లోకో షెడ్డులో ఖలాసీగా చేరాడు. డ్యూటీలోనే పోయాడు. ఆ ఉద్యోగం పెద్దకొడుకుకి వెళ్ళింది, క్వార్టరూ వెళ్ళింది. చిన్నవాడు నూకరాజు ఒక సింధీ దుకాణంలో రేడియోలకి టంకం పెట్టడం నేర్చుకున్నాడు. రేడియోలు పోయి టీవీలు వచ్చాయి, టీవీల తర్వాత కంప్యూటర్లు. ఊళ్ళోనే దయాల్‌బంద్ పేటలో ఈ ఇరుకు గది అద్దెకి తీసుకుని అన్నిటినీ ఇక్కడే విప్పాడు, ఇక్కడే బిగించాడు. వేళ్ళ చివర్లు కాలి కాలి కాయలు కాశాయి. ఊళ్ళో అతని గురించి చెప్పుకునేదేమీ లేదు. మాట తక్కువ, పని శుభ్రం, అంతే.

భవిత కోర్బాలో బ్యాంకులో పనిచేసేది. ఈ వానాకాలంలోనే, శనివారం ఇంటికి వస్తుండగా బస్సు బోల్తాపడి పోయింది. సంచి, చెప్పులు, ఈ ల్యాప్‌టాప్ ఇంటికి చేరాయి. మేనల్లుడు ఫార్మాట్ చేయించెయ్యమన్నాడని పొద్దున్న గోవిందరావు చెప్పాడు. ఫార్మాటంటే ఏటని అడిగాడు. లోపలున్నదంతా తుడిచెయ్యడమని నూకరాజు అన్నాక, పెద్దాయన బల్ల అంచు పట్టుకున్నాడు.

"అయితే ఒద్దు రాజూ. అలాగుండనీ. తెర ఎలిగితే సాలు," అని, మధ్యాహ్నం వస్తానని వెళ్ళిపోయాడు.

సంగీతం వచ్చిందంటే మిషను బతికే ఉంది. నూకరాజు సొరుగులోంచి టార్చి తీసి, వెలుతురు తెర మీద ఏటవాలుగా వేశాడు. నీళ్ళ అడుగు నుంచి పైకి తేలినట్టు ఒక కన్ను కనిపించింది. టార్చి జరిపాడు. చెవి రింగు. గాలికి ఎగిరిన జుట్టు. నవ్వుతున్న పెదవి. బొమ్మ మొత్తం అక్కడే ఉంది, వెనక వెలగాల్సిన దీపమే లేదు.

పని తేలిపోయింది. అయినా టార్చి ఆర్పలేకపోయాడు. భవిత ముఖం మీద వెలుతురుని ముక్క ముక్కగా తిప్పుతూనే ఉన్నాడు. కాసేపటికి, తను వెతుకుతున్నది ఈ ముఖం కాదని అతనికి తెలిసింది. పొద్దున్నించీ లాగుతున్న ఎడమ భుజాన్ని నొక్కుకుని, పాత సామాన్ల అట్టపెట్టె ముందుకి లాక్కున్నాడు.

అదే కంపెనీ పాడైపోయిన ల్యాప్‌టాప్ ఒకటి అందులో ఉంది. దాంట్లోంచి దీపాన్ని నడిపే సన్నటి బోర్డు తీసి ఇందులో బిగించాడు. ఈసారి తెర వెలిగింది. ఆరలేదు.

మధ్యాహ్నం గోవిందరావు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నూకరాజు తెరని అతని వైపు తిప్పాడు. పెద్దాయన ఏడవలేదు. ముందుకి వంగి చాలాసేపు చూశాడు.

"పన్ను మీద పన్ను," అన్నాడు చివరికి. "మర్సిపోనాను రాజూ. రోజూ చూసిన మొకం. గోడకున్న ఫొటోలో నోరు మూసుకుందిలే. రెండు నెల్లకే మర్సిపోనాను."

నూకరాజు స్క్రూడ్రైవర్లు డబ్బాలో సర్దాడు.

"నీకు పిల్లల్లేరు కదా?" అన్నాడు గోవిందరావు, కళ్ళు తెర మీంచి తియ్యకుండానే.

ఎవరడిగినా లేరనే చెప్పేవాడు. ఈరోజు మాట మరోలా వచ్చింది. "ఓ పాపుండేదండి. పైడితల్లి."

గోవిందరావు తల తిప్పి చూశాడు. అతని చేతి మీద చెయ్యి వేసి, ల్యాప్‌టాప్‌ని తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళాడు.

నూకరాజు పొద్దుండగానే షట్టరు దించేశాడు. లింగియాడీహ్ పేటలో ఇంటి ముందు భార్య అచ్చియమ్మ బియ్యం ఏరుతోంది. ఈ వేళప్పుడు వచ్చారేటని అడగబోయి, అతని ముఖం చూసి ఆగిపోయింది. అతను అరుగు మీద గోడకి చేరగిలబడ్డాడు. చెమటలు పడుతున్నాయి. ఎండలో సైకిలు తొక్కినందుకేనన్నాడు.

ఎన్నో ఏళ్ళ కిందట పైడితల్లి మెదడువాపు జ్వరంతో పోయేనాటికి మూడు దాటి నాలుగు నిండలేదు. దసరాకి స్టూడియోకి తీసుకెళ్ళి ఫొటో తీయించాలనుకున్నారు. దసరా రాకముందే పోయింది, ఒక్క ఫొటో అయినా లేకుండా. ఆ తర్వాత ఈ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. అచ్చియమ్మ బాధపడుతుందని అతను, అతను బాధపడతాడని అచ్చియమ్మ.

"అచ్చీ, పైడి ఎలాగుండేది?" అన్నాడు. "జుట్టు నూని వాసన గుర్తున్నాది. బుజం మీద బరువు గుర్తున్నాది. మొకం రావట్లేదు."

అచ్చియమ్మ చేట పక్కన పెట్టింది. తర్వాత మెల్లిగా చెప్పడం మొదలుపెట్టింది. కళ్ళు మీవేనంది. బుగ్గ మీద అమ్మవారు పోసిన మచ్చ ఒకటుందంది. కోపమొస్తే కింది పెదవి ముందుకొచ్చేదంది. నవ్వితే ముందు ముక్కు ముడుచుకునేది, నవ్వు ఆ తర్వాత వచ్చేది. అతను కళ్ళు మూసుకుని వింటున్నాడు. ముక్కు దగ్గరికి వచ్చేసరికి, "ఆఁ, అవును," అన్నాడు. అతని పెదాల మీదికి నవ్వొచ్చింది.

"ఉండండి, ఓటి సూపిస్తాను. మీకు తెలీకుండా దాసినాను," అని అచ్చియమ్మ లోపలికి వెళ్ళింది.

పెట్టె అడుగున, పాత చీరల మడతల్లో వెతకడానికి కొంతసేపు పట్టింది. ఆమె బయటికి వచ్చేసరికి అతను అలాగే గోడకి ఆనుకుని ఉన్నాడు. మెడ కుడి భుజం మీదికి వాలి ఉంది, అక్కడ ఎవరో నిలబడితే తిరిగి చూస్తున్నట్టు. ఆమె పిలిచింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, మళ్ళీ పిలవకుండా పక్కన కూర్చుంది. స్టేషను వైపు ఏదో గూడ్సు బండి చాలాసేపు వెళ్తూనే ఉంది.

ఆమె ఒళ్ళో, మడమ ఒకవైపే అరిగిపోయిన చిన్న నీలం రబ్బరు చెప్పు ఒకటి ఉంది.