ఆ పాటలో వరద ఇంకా తీయలేదు

బకెట్లో నీళ్ళు ముందు గులాబీ రంగయ్యాయి.

తర్వాత నా గోళ్ళు.

తెల్లటి గునుగు పూలు. గుప్పెడు గుప్పెడు. ముంచాలి, పిండాలి, పాత చీర మీద ఆరబెట్టాలి. ఊళ్ళో అయితే రంగు పొడికి కొట్టుకు పోవాలి. సూరత్‌లో రంగుకేం తక్కువ... మా ఆయన రాజమల్లు మిల్లు నుంచి వస్తే ఒక్కో రోజు చెమట కూడా ఒక్కో రంగులో ఉంటుంది.

ముంచుతున్నాను. పిండుతున్నాను.

మెడ పిసికినట్టు కాదు. ఇంచుమించు.

పూల పనిలో చేతులకు తీరిక ఉండదు. పగకు మాత్రం బోలెడు తీరిక.

మా లింబాయత్ గల్లీకి ఒక బతుకమ్మ పాట ఉంది. ఊరి నుంచి తెచ్చుకున్నది కాదు. ఇక్కడ కట్టుకున్నది. మా అత్తమ్మ కొమురవ్వ, వాళ్ళ అత్త కలిసి కట్టారు. ఎవరు ముందు రైలు దిగారు, ఏ వంతెన కింద పడుకున్నారు, మార్కండేయుడి గుడికి మొదటి ఇటుక ఎవరు మోశారు... అన్నీ అందులోనే.

రాజులకు కోటలుంటాయి. గోడల మీద పేర్లుంటాయి.

మావి అద్దె గోడలు. మేకు కొట్టినా ఓనరు ఊరుకోడు.

అందుకని మా పేర్లన్నీ పాటలో పెట్టుకున్నాం.

పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు ఆ పాటే ఎత్తుకుంది అత్తమ్మ. మైదానం నిండా పూలు. పూల చుట్టూ మేం. ఆమె ఒక మాట అంటే వెనక మేమందరం అదే మాట. పాట వరద దాకా వచ్చింది — సూరత్ మునిగిన ఏడాది, తాపీ నది గల్లీలోకి వచ్చిన ఏడాది.

తాపీ పొంగి వచ్చె ఉయ్యాలో
మెట్లు మెట్లు మింగె ఉయ్యాలో
మేడ మీద మనమె ఉయ్యాలో
పైన మబ్బు కింద నీరు ఉయ్యాలో...

అక్కడ ఆగింది. ఆమె ఆపలేదు. ఆపారు.

పరుశురాం వచ్చాడు. మా సంఘం అధ్యక్షుడు. మగ్గాల కార్ఖానా యజమాని. మనవాడే. మనవాడు కావడమే కదా బాధ. వేదిక మీద సేట్లు కూర్చున్నారు, డీజే పెట్టెలు సిద్ధంగా ఉన్నాయి. అత్తమ్మ చేతిలో మైకు లాక్కున్నాడు.

"ఇగ చాలు పెద్దమ్మా. ఎంతసేపు గీ ఏడుపు పాట? గర్బా టైమైంది."

ఆమె నోరు తెరిచే ఉంది. మాట లోపలే ఉంది.

డప్పు మోగింది. డప్పు కాదు, డీజే. నేల అదిరింది. పేర్చిన పూలు ఒక వరస జారాయి.

నేత ఇంట్లో పుట్టిన వాళ్ళకు ఒకటి తెలుసు. పోగు తెగితే మగ్గం ఆపాలి. రెండు కొసలు వెతకాలి. అతకాలి. ఆ తర్వాతే మళ్ళీ మగ్గం. పరుశురాం కూడా నేత ఇంట్లో పుట్టినవాడే. తెంపాడు. అతకకుండా పోయాడు.

ఆ రోజు నుంచి అత్తమ్మ పాడలేదు.

బియ్యం చెరుగుతూ కూడా పాడలేదు. మనవరాలు ఏడ్చినా పాడలేదు.

మేమే పాడుకుందాం అనుకున్నాం. ఆడవాళ్ళం ఓ మధ్యాహ్నం మా గదిలో కూర్చున్నాం. వరద దాకా బ్రహ్మాండంగా వచ్చింది.

"తర్వాతేంది?" అంది జమున.

జమున నా వైపు తిరిగింది.

"నువ్వు చదువుకున్నదానివి గదనే, నీకు తెల్వదా?" అంది నన్ను.

తెలియదు. ఎవరికీ తెలియదు. వరద తర్వాత ఈ గల్లీకి కాపురానికి వచ్చినవాళ్ళమే అందరం. ఇన్నేళ్ళూ పాడాం అనుకున్నాం. ఆమె అన్నాక అన్నాం, అంతే. ముందుమాట ఎప్పుడూ ఆమెదే. ఉయ్యాలో అనడంలో మాత్రం మేం అందరం పండితులం.

పాట ప్రకారం మేడ మీదే ఉన్నాం. చుట్టూ నీళ్ళు. పడవ తెచ్చిందెవరో, మమ్మల్ని దించిందెవరో... పాటలో రాలేదు.

అప్పుడు పుట్టింది పగ. నేను దాన్ని కందిపప్పులా ఉడికించాను. సన్నటి మంట మీద. మధ్య మధ్య మూత తీసి చూస్తూ.

ఈ ఏడు పండగ ముందు పరుశురాం ఇంటికి పోయాను. పసుపు కుంకుమ పట్టుకుని, తల మీద కొంగు కప్పుకుని. బీఏ చదివిన దానికి అమాయకంగా కనబడడం పెద్ద కష్టం కాదు.

"అన్నా, మీ మీద పాట కట్టిన."

అతని ముఖం వెలిగింది. కరెంటు బిల్లు కట్టాల్సినంత వెలిగింది.

"నా మీదనా? మంచిగ కట్టినవా చెల్లే?"

"మీకు తగ్గట్టే కట్టిన అన్నా."

రాజమల్లుకు ఆ రాత్రి అన్నం దిగలేదు. "గాయన కార్ఖానల మా తమ్ముడు పనిచేస్తుండు. జర సోచాయించు."

"నేనేమన్నా? పొగిడితే కూడా తప్పేనా?"

ఆయన నన్ను ఎరుగును. ఇంకో ముద్ద కూడా తినలేదు.

సద్దుల నాడు పరుశురామే మైకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. గర్బాను వెనక్కి జరిపాడు. సేట్ల వైపు తిరిగి గుజరాతీలో చెప్పాడు — ఈ పాట నా గురించే, మా ఆడవాళ్ళకు నేనంటే ప్రాణం. సేట్లు ఫోన్లు పైకెత్తారు.

మగ్గాల దొరవారు ఉయ్యాలో
మా మంచి దొరవారు ఉయ్యాలో
పూలకు నీడిచ్చె ఉయ్యాలో
పాటకు మైకిచ్చె ఉయ్యాలో

చప్పట్లు. అతనివే అన్నిటికంటే గట్టిగా.

పూల చుట్టూ ఇంకో అడుగు. వంగాలి, లేవాలి, చప్పట్లు చరచాలి.

ఇచ్చిన చెయ్యె గద ఉయ్యాలో
గుంజుకున్న చెయ్యి ఉయ్యాలో
అవ్వ గొంతుల పాట ఉయ్యాలో
నడుమ తెంపిన చెయ్యి ఉయ్యాలో

మా వాళ్ళకు అర్థమైంది. వలయం ఒక్క అడుగు తడబడి, సర్దుకుంది. గొంతులు పెరిగాయి.

తెగిన పోగుకు ముడి ఉయ్యాలో
తెంపినోడే వెయ్యాలె ఉయ్యాలో
తెగిన పాటకు ముడి ఉయ్యాలో
ఎక్కడ దొరవారు ఉయ్యాలో

సేట్లు తల ఊపుతున్నారు. రాగం బాగుంది. రాగానికేం, అది ఎవరి పక్షమూ కాదు.

పరుశురాం ముఖం చూశాను. గునుగు పువ్వే. ఇంకా ముంచనిది.

ఆపలేడు. ఆపితే ఎందుకు ఆపాడో చెప్పాలి. తన గురించే అని చెప్పుకున్నది తనే. నవ్వాలి. నవ్వాడు. పళ్ళు మాత్రమే నవ్వాయి.

అతని భార్య వినోద కూడా వలయంలోనే ఉంది. వెనక అనడం అలవాటు కదా... తెంపిన చెయ్యి ఉయ్యాలో అని ఖంగున అనేసింది. అన్నాక ఆలోచించింది. మొగుడి వైపు చూసింది.

మళ్ళీ అంది. ఈసారి ఇంకొంచెం గట్టిగా.

మర్నాటికి పాట వడోద్ బస్తీకి చేరింది. ఆ మర్నాటికి హజీరా కంపెనీ బస్సులెక్కింది. గల్లీలో ఆడపిల్లలు తాడాట ఆడుతూ పాడుతున్నారు. అతని కారు మలుపు తిరిగితే చాలు, ఏ కిటికీ నుంచో ఒక ఉయ్యాలో.

నేను ఆ వారమంతా కూరల్లో ఉప్పు సరిగ్గా వేశాను. మనసు అంత కుదురుగా ఉంది.

ఆ ఆదివారం అతనే మా ఇంటికి వచ్చాడు. తెల్ల చొక్కా లేదు. మామూలు లుంగీ, చేతిలో ఘారీ మిఠాయి డబ్బా. నేల మీద కూర్చున్నాడు, అత్తమ్మ ఎదురుగా.

"తప్పైంది పెద్దమ్మా."

ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఆ పాట మొత్తం పాడు పెద్దమ్మా. ఒక్కసారి. వరద అయినంక... మా బాపు పేరొస్తదట గద? కార్ఖాన డ్రమ్ములన్ని కట్టి తెప్ప చేసి, అందరిని దించిండట గద? నేనప్పుడు ఊళ్ళె ఉంటి, మా అమ్మ చెప్తుండె. బాపు పోయిండు, నేనెన్నడు ఆ దాక నిలబడి ఇనలే."

నీళ్ళ గ్లాసు అతని ముందు పెట్టాను.

అదా తర్వాత వచ్చేది.

తన తండ్రి పేరు గుమ్మం దాకా వస్తే, తలుపు వేసినవాడు తనే.

అత్తమ్మ ఒక ఈనె తీసింది. ఇంకొకటి తీసింది.

"వస్తదేమో బిడ్డా. యాదికి లేదు."

"జర యాది చేస్కో పెద్దమ్మా..."

"మైకు గుంజినవ్ గదా. అండ్లనే ఉన్నదేమో చూస్కో."

కోపం లేదు ఆ గొంతులో. చిక్కుడుకాయ విరిచినంత చిన్న చప్పుడు. అతను మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు, ముసలివాడిలా.

నేను కట్టిన పాట ఎంత చిన్నపిల్లల ఆటో అప్పుడు తెలిసింది.

అతను పోయాక ఆమె పక్కన చేరాను.

"నాకన్నా చెప్పరాదు అత్తమ్మా? ఎవలకు చెప్పను."

ఆమె నన్ను చూసింది. మెచ్చుకోలు ఉంది ఆ చూపులో. జాలి కూడా ఉంది.

"నీ పాట మంచిగనే ఉన్నది బిడ్డా. పగకు పనికొస్తది. అదే పాడుకోండ్రి."

ఆమెకు యాదికుంది. నాకు తెలుసు. పెదవులు చూస్తే తెలుస్తుంది. ఆమె గొంతులో ఆ తెప్ప ఉంది, డ్రమ్ములున్నాయి, మా వాళ్ళందరి పేర్లున్నాయి. రాజమల్లుది కూడా — అప్పుడు పిల్లాడిగా ఎవరి భుజం మీద దిగాడో కూడా. పరుశురాంను శిక్షించడానికి ఆమె మమ్మల్నందరినీ మేడ మీదే ఉంచింది.

ఎవరిని తప్పు పట్టను? పగ రుచి మప్పింది నేనే.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం నేను గిన్నెలు తోముతాను. వెనక గదిలో ఆమె ఒక్కతే. కుళాయి ధారగా పడుతుంటే, ఆ చప్పుడు చాటున, సన్నగా... కూనిరాగం. అదే రాగం. మాటలున్నాయి. నాకు అందవు.

వినడానికి కుళాయి కట్టేశాను ఒకసారి.

రాగం ఆగింది.

ఇటు నేను. అటు ఆమె. ఇద్దరం ఊపిరి బిగబట్టి.

కాసేపటికి నేనే కుళాయి తిప్పాను.

నీళ్ళు...

నీళ్ళు.