పీచ్ సీసాల మౌనవ్రతం

ఎక్స్ఛేంజమ్మగారి ఇంట్లో ఏడాదికి ఒక్కరోజు ఎవరూ నోరు మెదపకూడదు. అది పీచ్ పండ్లను సీసాలకెక్కించే రోజు. ఆ రోజు ఫ్యాను ఆగిపోవాలి, ఫ్రిజ్ ప్లగ్గు ఊడిపోవాలి, గోడ గడియారం దుప్పటి చుట్టుకుని మంచం కింద పడుకోవాలి. ఒకసారి పక్కింటావిడ చక్కెర కోసం గిన్నె పట్టుకొచ్చి గుమ్మంలో నోరు తెరవబోయింది. ఎక్స్ఛేంజమ్మగారు చూసిన ఒక్క చూపుకి పాపం గిన్నెతో సహా వెనక్కి వెనక్కే నడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఇంత హంగామా ఎందుకంటే, ఒక చిన్న చప్పుడు కోసం. మరిగే నీళ్లలోంచి తీసిన సీసా చల్లారుతున్నప్పుడు లోపలి ఆవిరి తగ్గి, రేకు మూతను లోపలికి లాక్కుంటుంది. అప్పుడు 'టక్' మంటుంది. టక్ మన్న సీసా ఏడాదంతా నిక్షేపంగా ఉంటుంది. అనని సీసాలో ఎక్కడో గాలి దూరే సందు ఉందన్నమాట. అది ఫ్రిజ్‌లోకి వెళ్లి ఆ వారంలోనే ఖాళీ అయిపోవాలి. పొరపాటున అరలోకి చేరిందా, నాలుగు నెలల తర్వాత ఇంటిల్లిపాదీ ముక్కు మూసుకుని దాని జాడ వెతుక్కోవాలి. తెల్లారాక మూత మీద వేలితో నొక్కి చూసుకుంటే పోదా అని ఎవరైనా అంటే ఆవిడకి ఒళ్లు మండేది. "నొక్కితే మొహమాటానికి లోపలికి పోయే మూతలుంటాయి, వాటినెవరు నమ్ముతారు?" అనేది.

ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన చెవి అది. 'హలో' అన్న రెండక్షరాలకే అవతల ఉన్నది ఎవరో, ఇంట్లో ఎవరితో పోట్లాడి ఫోను ఎత్తారో కూడా చెప్పేసేది. అందుకే వీధి వీధంతా ఆవిడ అసలు పేరు మరిచిపోయి ఎక్స్ఛేంజమ్మ అంటారు. ఆ పిలుపంటే ఆవిడకి మహా గర్వం.

ఆ చెవి రెండేళ్లుగా పనిచేయడం లేదు.

మొదట్లో లోకానికే ఏదో రోగం వచ్చిందనుకుంది. కూరగాయల కొట్టువాడు గొణుగుతున్నాడు, టీవీలో వార్తలు చదివే పిల్ల గొణుగుతోంది, అందరికంటే ఎక్కువగా అల్లుడు గొణుగుతున్నాడు. కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి అరగదీసి మనిషి మాట కూడా అరిగిపోయిందని కూతురితో చాడీలు కూడా చెప్పింది. ఒకరోజు పొయ్యి మీద కుక్కరు ఆవిరి కక్కుతూ, విజిలు గంతులేస్తూ కనబడింది. కనబడింది గానీ వినబడలేదు. గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. లోకం బాగానే ఉందని ఆవిడకి అప్పుడర్థమైంది.

ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం గోడకి వేలాడుతూ ఉండేది: సీసాలను వేడినీళ్లలోంచి ఎత్తే ఇనప పటకారు. అది ఆవిడ అత్తగారిది. చప్పుడు విన్నవాళ్లదే పటకారు, పటకారు ఉన్నవాళ్లదే వంటగది అన్నది ఆ పెద్దావిడ పెట్టిన చట్టం. ఒక ఏడు అత్తగారికి వరసగా మూడు చప్పుళ్లు వినబడలేదు. మారుమాట లేకుండా పటకారు కోడలి చేతిలో పెట్టి, వెళ్లి వసారాలో కుర్చీలో కూర్చుంది. తర్వాత ఎనిమిదేళ్లు బతికింది గానీ వంటింటి గడప తొక్కలేదు. ఆ కుర్చీ ఇంకా వసారాలోనే ఉంది. ఎక్స్ఛేంజమ్మగారికి దాన్ని చూస్తే గుండెల్లో రాయి పడేది. తనకింకా అరవయ్యారే. అప్పుడే వసారాలోకి వెళ్లి కూర్చోవడం ఆవిడ వల్ల కాదు.

మరి రెండేళ్లు ఎలా నెట్టుకొచ్చిందంటే, మొగుడి ఎడమ కనుబొమ్మ పుణ్యాన. మూత టక్ మన్నప్పుడల్లా ఆయన ఎడమ కనుబొమ్మ తనంతట తానే గింజంత పైకి లేచేది. ఆవిడ సీసాలకేసి చూస్తున్నట్టు నటిస్తూ ఓరకంట ఆ కనుబొమ్మను, ఆయన చూపు వాలిన సీసాను చూసి "ఒకటి", "రెండు" అని లెక్క పెట్టేది. ఒక్క సీసా తప్పు పోలేదు. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆయన మొహం ఇంత పనికొచ్చింది ఇప్పుడేనని లోలోపల మురిసిపోయింది కూడా.

ఈ ఏడు పండ్లు రావడానికి వారం ముందు ఆయన కంట్లో శుక్లం తీశారు. అల్లుడు ప్రేమకొద్దీ మామగారికి నల్లద్దాలు తెచ్చి తొడిగాడు. మామూలు అద్దాలా అవి! నుదుటి సగం నుంచి బుగ్గల సగం దాకా దిగాయి. కనుబొమ్మలు రెండూ వాటి వెనక అజ్ఞాతంలోకి వెళ్లిపోయాయి.

"ఇంత పెద్దవెందుకు బాబూ, సైకిలు చక్రాల్లా?" అంది ఆవిడ.

"దుమ్ము పడకుండా అత్తయ్యా" అన్నాడు అల్లుడు. ఆవిడకి "అత్తయ్యా" మాత్రం అందింది.

పండ్లు రానే వచ్చాయి. రెండు పెట్టెలు, ముట్టుకుంటే వేలు దిగబడేంత పక్వం. రేపు చూద్దామంటే రేపటికి ఉండవు. కూతురు వేడినీళ్లలో ముంచి తీస్తుంటే తొక్కలు చొక్కా విప్పినంత సులువుగా ఊడొచ్చాయి. అల్లుడు గింజలు తీసి ముక్కలు కోశాడు. ఆవిడ పాకం పోసి, పైన అరంగుళం ఖాళీ ఉంచి, మూతలు పెట్టి, వేలికొసలతో మాత్రమే బిగించింది. సీసాల అంచులు తడిగుడ్డతో తుడిచే పని ఆయనది. నల్లద్దాల్లోంచే శ్రద్ధగా తుడిచాడు. గిన్నెలో ఏడు సీసాలు పడతాయి. మొత్తం నాలుగు వాయిలు, ఇరవై ఎనిమిది సీసాలు.

మొదటి వాయి దించి, భోజనాల బల్ల మీద తువ్వాలు పరిచి, పటకారుతో ఒక్కొక్కటీ నిలబెట్టింది. పొయ్యి ఆపారు. ఫ్యాను ఆగింది. నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. మౌనవ్రతం మొదలైంది.

ఆవిడ మొగుడి మొహంకేసి చూసింది. రెండు నల్లటి అద్దాలు, వాటిలో రెండు చిన్న ఎక్స్ఛేంజమ్మలు. ఇంకేం లేదు.

కాసేపటికి ఆయన దగ్గాడు. మళ్లీ కాసేపటికి చెప్పు నేలకేసి కొట్టాడు. ఆవిడకి ఒళ్లు మండి, "కదలకుండా కూర్చోలేరా, చిన్నపిల్లాడిలా?" అని కసిరింది. ఆయన బిక్కమొహం వేసి, ఇంకో నిమిషానికి బల్ల అంచు గోకాడు. తర్వాత మెడ రుద్దుకున్నాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి కుర్చీలో ఎగిరిపడ్డాడు. ఇంత వయసొచ్చిన మనిషికి స్థిమితమే లేకుండా పోయిందని ఆవిడ పళ్లు నూరింది. ఏదో ఒకటి చెప్పాలి కదా, చీకట్లో రాయి విసిరినట్టు "ఒకటి" అంది. కాస్త ఆగి "రెండు" అంది. అలా గుండె చిక్కబట్టుకుని ఏడు దాకా వెళ్లి, "ఏడుకేడు మూతలూ పడ్డాయి. అరలో పెట్టుకోవడమే" అని లేచింది.

ఎవరూ లేవలేదు. కూతురు తువ్వాలు అంచు మడతపెడుతోంది. ఆయన నల్లద్దాలు కిందికి వంగిపోయాయి.

అల్లుడు ఏదో అన్నాడు.

"ఏంటి బాబూ, నోట్లో నోట్లో?"

అల్లుడు చెయ్యెత్తి అయిదు వేళ్లూ చూపించాడు. "అయిదే పడ్డాయత్తయ్యా!" అని ఇల్లు అదిరేలా అరిచాడు.

ఆ ఇంట్లో సీసాల దగ్గర ఆవిడ కాక ఇంకొకరు నోరెత్తడం అదే మొదటిసారి. ఆవిడ మొహం ఎర్రబడింది. "నా చెవికి నువ్వు లెక్కలు నేర్పుతావా?" అందామనుకుంది. కానీ చూపు చేతిలోని పటకారు మీద పడింది. మెల్లగా వెళ్లి దాన్ని కూతురి ముందు పెట్టింది.

"ఇంక నీదేనే తల్లీ. నాకు వినబడట్లేదు. రెండేళ్లయింది."

రెండేళ్లుగా మోసిన మాట అలా దిగిపోయింది. ఏడుపు ముంచుకొచ్చింది. అందరూ అయ్యో అంటారని, నోరెళ్లబెడతారని ఎదురుచూసింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. కూతురు లేచొచ్చి భుజం పట్టుకుంది. ఆయన మాత్రం తీరిగ్గా నల్లద్దాలు నుదుటి మీదికి ఎత్తుకున్నాడు.

"నాకు తెలుసే" అన్నాడు, ఆవిడకి వినబడేంత గట్టిగా. "కుక్కరు దగ్గర నువ్వు నిలబడిపోయిన రోజే తెలిసింది."

"మరి... కనుబొమ్మ?"

"అది తనంతట తనే లేస్తుందనుకున్నావా? అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను. ఒక్కదాన్నే ఎత్తడం ఎంత కష్టమో నీకేం తెలుసు! మొదటి వారం రెండూ కలిసి లేచేవి. ఇవాళ అద్దాలు అడ్డమొచ్చాయని దగ్గాను, చెప్పు కొట్టాను, గోకాను, మెడ రుద్దాను, ఎగిరాను. అయిదు సార్లు! నువ్వేమో తిట్టావు."

ఆవిడకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ముందు నవ్వొచ్చింది. ఎగిరిపడిన తీరు గుర్తొచ్చి ఇంకా నవ్వొచ్చింది. కూతురు బల్ల మీద తల వాల్చి పడీపడీ నవ్వింది. అల్లుడు కూడా నవ్వాడు. అతనికి ఇంత గట్టిగా నవ్వడం వచ్చని అత్తగారికి ఇప్పుడే తెలిసింది.

నవ్వు తగ్గాక కూతురు పటకారును తల్లి వైపే నెట్టేసింది. "నాకొద్దమ్మా. నువ్వే ఎత్తు."

"వినబడనిదాన్ని ఎలా ఎత్తనే?"

అల్లుడు లేచి వెళ్లి రెండో వాయి పొయ్యి మీదికి ఎక్కించాడు. అది ఉడికి, దిగి, బల్ల మీదికి వచ్చింది. సీసాలు నిలబెట్టాక అత్తగారి మోచెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, తల కాస్త వంచమని సైగ చేశాడు.

"మా షాపులో అద్దం వంపు ఎలా చూస్తామో తెలుసా అత్తయ్యా? ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని అందులో పడ్డ వెలుగు గీతను చూస్తాం. వంపు మారితే గీత మారుతుంది. మూత మీద చూడండి, గీత కనబడుతోందా?"

నిజమే. ప్రతి మూత మీదా పైనున్న ట్యూబ్‌లైటు సన్నటి తెల్లగీతలా మెరుస్తోంది. ఉబ్బిన మూత కాబట్టి గీత ఇటు వంగి ఉంది.

"దాన్నే చూస్తూ ఉండండి. రెప్ప వేయొద్దు."

ఎక్స్ఛేంజమ్మగారు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, రెప్ప వేయనందుకే అనుకుంది. ఏం జరగలేదు. అల్లుడు వెర్రివాడనుకోబోయేంతలో, మూడో సీసా మీద గీత చటుక్కున అటు తిరిగింది. కన్ను కొట్టినట్టే ఉంది!

"ఒకటి!" అని కేక వేసింది.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. సరిగ్గా అప్పుడే వీధిలోంచి సిమెంటు లారీ ఒకటి ఇల్లదిరేలా పోతోంది. "మాకేం వినబడలేదమ్మా" అంది కూతురు.

"మీ చెవుల సంగతి నాకెందుకు? మూడోది పడింది. అదుగో, ఆరోది కూడా! రెండు!"

లారీ వెళ్లిపోయింది. మూడో చప్పుడు అందరికీ వినబడింది. వాళ్లు తల తిప్పేలోపే ఆవిడ వేలు ఆ సీసా మీదికి వెళ్లింది. నాలుగు, అయిదు, ఆరు. ఏడోది అయిదు నిమిషాలు ఏడిపించి, చివరికి కన్ను కొట్టింది. ఆవిడ కుర్చీలోంచి లేచి అల్లుడి బుగ్గలు రెండు చేతులతో పుణికింది. చేతినిండా పాకం ఉన్న సంగతి ఇద్దరికీ తర్వాత తెలిసింది.

అప్పుడే వసారాలోని కుర్చీ మీదికి ఆవిడ చూపు పోయింది. తన అత్తగారి కళ్లు చివరిదాకా చుక్కల్లా ఉండేవి. సూదిలో దారం తనే ఎక్కించుకునేది. పక్కన కూర్చోబెట్టుకుని చూడమన్నవాళ్లు లేకపోయారు. ఎనిమిదేళ్లు! ఆ మూడు చప్పుళ్లూ విన్న రోజున తను ఎంత పొంగిపోయిందో ఎక్స్ఛేంజమ్మగారికి గుర్తొచ్చింది. వెళ్లి ఆ కుర్చీని రెండు చేతులా ఎత్తుకొచ్చి, బల్ల దగ్గర ట్యూబ్‌లైట్ కిందే వేసింది. అందులో తనే కూర్చుంది.

"ఫ్యాను వేయండి" అంది.

"ఏంటి?" అన్నాడు ఆయన, ఈసారి తనకే సరిగ్గా వినబడనట్టు.

"ఫ్యాను వేయండి, ఉక్క చంపేస్తోంది. రేడియో పెట్టండి. పొయ్యి మీద ఇంకో వాయి ఎక్కించు బాబూ, ఇది చల్లారేదాకా ఆగడమెందుకు? అందరూ మాట్లాడండి. గట్టిగా మాట్లాడండి, నాక్కూడా వినబడాలి!"

గడియారం మంచం కిందినుంచి బయటికొచ్చింది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, ఆ రోజున ఆ ఇంట్లో రేడియో మోగుతుంటే ఎవరికైనా ఏమైనా అయిందేమోనని పరిగెత్తుకొచ్చింది. ఆవిడకీ ఒక కుర్చీ దొరికింది. ఏటా దీపాలు పెట్టాక గానీ తెమలని పని ఆ రోజు మధ్యాహ్నం టీ వేళకే చివరి వాయికి వచ్చేసింది.

మొదటి వాయిలో పడని రెండు సీసాల మూతలూ తీసి చూస్తే, అంచుల మీద పాకం జిగురు అలాగే ఉంది. అంచులు తుడిచినాయన నల్లద్దాలు సర్దుకుని ఫ్యానుకేసి చూడటం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లూ పడని సీసా అంటే ఆ ఇంట్లో పెద్ద అవమానం, ఎవరూ చూడకుండా ఫ్రిజ్ అడుగుకి వెళ్లిపోయేది. ఇవాళ అయిదుగురూ చెంచాలు పట్టుకుని వాటిమీద పడ్డారు. "ఇంకో రెండు పడకపోయినా బాగుండేది" అంది పక్కింటావిడ, మూతి తుడుచుకుంటూ.

బల్ల మీద ఆఖరి సీసా ఒక్కటే మిగిలింది. రేడియో మోగుతోంది, కూతురు, పక్కింటావిడ ఏదో పెళ్లి సంగతి గట్టిగట్టిగా చెప్పుకుంటున్నారు. ఎక్స్ఛేంజమ్మగారు మూత మీది గీతను చూస్తోంది. గీత తిరిగింది.

"ఇరవై ఆరు!" అంది.

తలెత్తి చూస్తే, ఎదురుగా ఆయన నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని కూర్చున్నాడు. అంత గోలలోనూ ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉన్నాడు. ఎడమ కనుబొమ్మ పైకి లేచి ఉంది.

ఆవిడ చాలాసేపు ఆ మొహాన్ని చూసింది. తర్వాత చెయ్యి చాచి, పాకం అంటిన వేలితో ఆ కనుబొమ్మను మెల్లగా కిందికి నిమిరింది.

"ఇంక దించండి" అంది. "రెండేళ్లు మోశారు, చాలు."

"అలవాటైపోయిందే" అన్నాడు ఆయన.

ఆ మాట ఆవిడకి బాగానే వినబడింది.