రెండు సుడులు

కుర్చీలోని ఆసామి మెడ వెనక కటింగ్ మెషిన్ ఆడిస్తూనే ఓబళప్ప తలుపు వైపు చూశాడు. ఆసామి తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. మడివాళ మార్కెట్ వెనక సందులో ఈ సెలూన్ పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. నిలబడి నిలబడి ఓబళప్ప పిక్కల మీద నరాలు తాళ్ళలా తేలాయి. ఎడమ భుజం కాస్త పైకి లేచి అట్లాగే బిగుసుకుపోయింది.

ఆ మధ్యాహ్నమే కొడుకు సందీప్ పూణే బండి ఎక్కాలి. మిలిటరీ అకాడమీలో సీటు వచ్చింది. వెళ్ళేలోగా కటింగ్‌కి వస్తాడని ఓబళప్ప పొద్దున్నుంచి రెండో కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వలేదు. పుట్టువెంట్రుకలు తీసిన నాటి నుంచి ఆ తల మీద మరొకరి కత్తెర పడలేదు. వాడికి నడినెత్తిన రెండు సుడులు. అక్కడ వెంట్రుక ఎటు వాలుతుందో ఓబళప్ప వేళ్ళకే తెలుసు.

వాణ్ణి మిలిటరీకి పంపాలన్న ఆశ కూడా ఈ సెలూన్‌లోనే పుట్టింది. ఒకసారి ఎవరో మేజర్ గడ్డం గీయించుకోడానికి వస్తే, బెంచీ మీదున్న వాళ్ళంతా ఎవరూ చెప్పకుండానే లేచి నిలబడ్డారు. నా కొడుకు వచ్చినా ఇట్లాగే లేవాల అనుకున్నాడు ఓబళప్ప. అప్పటి నుంచి రోజూ తెల్లారకముందే వాణ్ణి లేపి చెరువు చుట్టూ పరిగెత్తించాడు. తాను సైకిల్ మీద వెనకే వెళ్ళాడు. భార్య పుష్పావతి గార్మెంట్స్ ఫ్యాక్టరీలో ఓవర్‌టైం చేసి పాలు, గుడ్లు, కోచింగ్ అన్నీ అమర్చింది.

ఆసామి వెళ్ళిపోయాక గుడ్డ దులుపుతుంటే సందీప్ వచ్చి టోపీ తీశాడు. అప్పటికే పొట్టిగా మిలిటరీ కటింగ్ అయిపోయి ఉంది.

"యాడ చేయించుకుంటివప్పా?"

"కోరమంగళలో, ఏసీ సెలూన్‌లో. ఫ్రెండ్స్ అందరం పోతిమి నాయనా."

"నేనుండా గదా."

"నువ్వు బిజీగా ఉంటావని…"

సెలూన్ ఖాళీగా ఉంది. ఓబళప్ప కొడుకు చుట్టూ తిరిగి చూశాడు. చెవుల పక్కన, మెడ మీద, సుడుల దగ్గర తప్పు వెతికాడు. ఒక్కటీ దొరకలేదు.

"బాగుండాది," అన్నాడు.

యశ్వంతపురం స్టేషన్‌లో హరీశ్ అనే అబ్బాయి కుటుంబం కలిసింది. వాడూ అదే అకాడమీకి. వాళ్ళ నాన్న రిటైరైన కల్నల్. ఆయన దగ్గరికి రాగానే ఓబళప్ప బెంచీ మీద నుంచి లేచాడు. లేచాక గాని లేచినట్టు తనకే తెలియలేదు.

"మీరేం చేస్తారు?" కల్నల్ కన్నడలో అడిగాడు.

ఓబళప్ప నోరు తెరిచేలోగా సందీప్ అందుకున్నాడు. "బిజినెస్ అంకుల్. కాస్మెటిక్స్."

పుష్పావతి మొగుడి ముఖం చూసింది. కల్నల్ కూడా అటే చూస్తున్నాడు. ఓబళప్ప అవునన్నట్టు తలూపాడు.

బండి వచ్చింది. సందీప్ వంగి ఇద్దరి కాళ్ళకూ మొక్కాడు. దీవించడానికి చెయ్యి పెడితే ఓబళప్ప వేళ్ళు వాటంతటవే సుడుల మీదికి పోయాయి. సందీప్ గబుక్కున తల వెనక్కి తీసుకున్నాడు.

"ఏమనుకోవద్దు నాయనా," అన్నాడు మెల్లగా.

"ఏముండాదప్పా దాంట్లో. పోయి రా."

బండి కదిలింది. హరీశ్ పక్కన నిలబడి సందీప్ చెయ్యి ఊపాడు. ప్లాట్‌ఫారం దాటకముందే ఇద్దరూ నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

తిరిగొచ్చే బస్సులో పుష్పావతి ఉండబట్టలేకపోయింది. "నీకు నోరు లేదా? కటింగ్ షాపని చెప్పుంటే ఏమై ఉండు?"

"పొయ్యే బిడ్డను అబద్ధాలోణ్ణి చేసేదా?"

ఆమె కిటికీ వైపు తిరిగింది.

ఇల్లు చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. సెలూన్ తీయాలనిపించలేదు. ముఖం కడుక్కుందామని ఓబళప్ప బాత్‌రూమ్‌లోకి వెళ్ళాడు. గూట్లో సందీప్ దువ్వెన ఉంది. ఇక దీంతో పనేముందని వదిలేసినట్టున్నాడు. దాని పళ్ళ సందుల్లో కటింగ్‌కి ముందటి పొడుగాటి వెంట్రుకలు కొన్ని చిక్కుకుని ఉన్నాయి.