విప్పకూడని ముడి

నేను ఒక టైని. నీలం రంగు, మీద సన్నటి తెల్ల గీతలు. సూరత్‌లో ఒక మిల్లులో పుట్టి, ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద బేరం కుదిరి మనుషుల్లో పడ్డాను. చొక్కాకు ఒక పని ఉంది, ప్యాంటుకు ఒక పని ఉంది. నాకు ఏ పనీ లేదు. చలి ఆపను, ఎండ ఆపను, మానం కాపాడను. అయినా నేను మెడలో లేకపోతే మనిషికి పెద్ద ఉద్యోగం రాదట, పెద్ద చదువుకు సీటు రాదట. ఈ ఏర్పాటు ఎవరు చేశారో, ఎందుకు చేశారో ఇన్నేళ్ళు వాళ్ళ గొంతుల మీద కూర్చున్నా నాకు అంతుపట్టలేదు.

గొంతు మీద కూర్చోవడంలో ఒక సౌకర్యం మాత్రం ఉంది. మనిషి అబద్ధం చెప్పే ముందు గుటక వేస్తాడు. మొహం నవ్వుతూనే ఉంటుంది, కళ్ళు ఎదుటివాడి కళ్ళలోకి చూస్తూనే ఉంటాయి, గొంతు మాత్రం ఒక్కసారి కిందికి దిగి పైకి లేస్తుంది. ఎదుటివాళ్ళకు కనపడకుండా కప్పిపెట్టేది నేనే. బహుశా నన్ను కనిపెట్టింది అందుకేనేమో.

నా మొదటి యజమాని ఫణీంద్ర. మందుల కంపెనీ రెప్రజెంటేటివ్. అమీర్‌పేటలో ఒక హాస్టల్ గదిలో ఉండేవాడు. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి నాకు చక్కటి ముడి వేసి, డాక్టర్ల దగ్గరికి వెళ్ళి "ఈ మాత్రతో ఏ ఇబ్బందీ ఉండదు సార్" అని ఒక గుటక వేసేవాడు. ఒకరోజు పుణెకు బదిలీ అయింది. ఆ హడావిడిలో ముడి విప్పకుండా వదులు చేసి, తల మీదుగా తీసి, తలుపు వెనక మేకుకు తగిలించి వెళ్ళిపోయాడు. అదే నాకు పడిన ఆఖరి ముడి.

ఆ తర్వాత ఆ గదిలోకి ఎంబీఏ సీటు కోసం కోచింగ్ తీసుకునే కుర్రాళ్ళు దిగారు. ఇంజనీరింగ్ పూర్తి చేసినవాళ్ళే అందరూ. వంతెనలు కట్టడం చదివారు, యంత్రాలు విప్పి బిగించడం చదివారు. టై కట్టుకోవడం ఒక్కడికీ రాదు. మొదట అవినాష్ అనే కుర్రాడు ఇంటర్వ్యూ రోజున నన్ను చూసి, దేవుడు పంపినట్టు సంబరపడి, తల దూర్చి, ముడి పైకి జరుపుకుని వెళ్ళాడు. సీటు వచ్చింది. మరుసటి ఏడు ఇంకొకడికి వచ్చింది. అంతే, నాలో మహిమ ఉందని తేలిపోయింది. మహిమ నాలో కూడా కాదట, ముడిలో ఉందట!

రానివాళ్ళు కూడా నన్నే కట్టుకుని వెళ్ళారు. వాళ్ళ సంగతి ఎవరూ మాట్లాడరు. ఒకడికి పిల్లి ఎదురొచ్చిందన్నారు, ఒకడు లిఫ్టులో ఎడమకాలు పెట్టాడన్నారు. తప్పు నా మీదికి రానివ్వలేదు. నన్ను ఉతకడానికి కూడా భయపడ్డారు. పౌడరు, సెంటు, చెమట, ఎప్పుడో పడిన సాంబారు చుక్క, అన్నీ నా మీదే ఎండిపోయాయి. గుళ్ళో దేవుడికైనా అప్పుడప్పుడూ అభిషేకం జరుగుతుంది, నాకు ఆ యోగం కూడా లేదు.

ఈ కుర్రాళ్ళందరికీ గురువు చక్రపాణి సార్. మాటతీరు, నడక, నవ్వు నేర్పిస్తారు. ఆయనకు ఆ సీటు ఎప్పుడూ రాలేదు. అందుకని అది ఎలా తెచ్చుకోవాలో చెప్పే వృత్తిలో స్థిరపడ్డారు. "నీ బలహీనత ఏంటని అడిగితే, పని మొదలుపెడితే ఆపలేకపోవడం సార్ అని చెప్పాలి" అని నేర్పారు. ఆ జవాబు ఎన్ని గొంతుల్లోంచి వెళ్ళిందో నాకు తెలుసు. అవన్నీ మధ్యాహ్నం దాకా మంచం దిగని గొంతులు.

సమాజసేవ చేసినట్టు ఫోటో ఉంటే మంచిదని కూడా ఆయనే చెప్పారు. కుర్రాళ్ళు ఒక దుప్పటి కొన్నారు. మెట్రో స్టేషన్ కింద కూర్చునే ముసలాయనకు ఒకడు దుప్పటి కప్పి ఫోటో దిగాడు. దుప్పటి తీసి రెండోవాడు కప్పాడు. మూడోవాడి వంతు వచ్చేసరికి ముసలాయన "ఇది నాకుంచుతరా, కొంచబోతరా బిడ్డా?" అని అడిగాడు. "ఇంకా ఇద్దరున్నరు తాతా, జర ఆగు" అన్నారు. ఫోటోల్లో బాగా కనపడాలని ఆ రోజు నన్ను కూడా ఒక మెడ నుంచి ఇంకో మెడకు మార్చారు.

ఆ గదిలోకి సత్తెనపల్లి నుంచి వచ్చినవాడు త్రికోటేశ్. అందరూ కోటి అంటారు. నెమ్మదస్తుడు. తండ్రి లేడు, మేనమామ వీరాంజనేయులే చదివించాడు. మామయ్యకు ఊళ్ళో పెద్ద ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. మొదటి ఏడు కోటి నన్ను వేసుకుని ఇంటర్వ్యూకు వెళ్ళి ఉత్త చేతులతో వచ్చాడు. రెండో ఏడు మళ్ళీ పిలుపు వచ్చినప్పుడు, డీలర్ల మీటింగుకని హైదరాబాదు వచ్చిన మామయ్య హాస్టలుకు వచ్చాడు. అప్పుడు కోటి అద్దం ముందు నన్ను సర్దుకుంటున్నాడు.

"ఏందిరా కోటీ, మెడకి ఆ పలుపేంది? మన గేదెకే ఇంతకన్నా శుభ్రమైంది కడతాం గదా."

"టై మావయ్యా. ఇంటర్వ్యూకి తప్పదు."

"ఇదే ఆఖరు, చెబుతున్నా. సీటొస్తే నీ ఇష్టం. రాలేదా, మూటాముల్లె సర్దుకుని వచ్చెయ్యి. కొట్లో నా పక్కన కూర్చుందువు. వ్యాపారం ఉన్నోడికి వ్యాపారం చదువేందిరా?"

కోటి తలూపాడు. నా కింద గుటక పడింది. నాకు మాత్రం నవ్వొచ్చింది. కొట్లో కూర్చుని వ్యాపారం చేయమంటే ఇష్టం లేదు, ఏసీ గదిలో కూర్చుని వ్యాపారం ఎలా చేయాలో చదువుకోవడం ఇష్టం. తిరిగి వచ్చాక ఇంకొకడి వ్యాపారం చూసిపెడతాడు కాబోలు అనుకున్నాను. ఇలాంటివాళ్ళను చాలామందిని మోశాను మరి.

ఇంటర్వ్యూ రోజు బయల్దేరుతుంటే గదిలో ఉండే లింగస్వామి గుమ్మం దాకా వచ్చాడు. నల్గొండ కుర్రాడు. నా మహిమ మీద అందరికన్నా ఎక్కువ నమ్మకం వాడికే.

"ముడి ముట్టకు బై. ఇప్పినవంటే సీటు గోవిందా."

"పోయినేడు ఇదే వేసుకుపోయా గదరా, ఎందుకు రాలా?"

"మెట్లు దిగేటప్పుడు బొటనేలుతోని ముడి సదిరినవ్. నేను చూసిన."

కోటి కాసేపు ఆలోచించి, నిజమే అన్నాడు. ఇంజనీరింగులో డిస్టింక్షన్ వచ్చినవాడు!

ఒక పెద్ద హోటల్లో ఇంటర్వ్యూ. లోపల ముగ్గురున్నారు. మధ్యలో బట్టతల ప్రొఫెసర్, మెడలో ఎర్రటి టై. ఒక పక్క ఏదో కంపెనీ నుంచి వచ్చిన యువకుడు. ఇంకో పక్క నేత చీర కట్టుకున్న మేడమ్. మాటలన్నీ ఇంగ్లీషులోనే. గుటకలకు మాత్రం భాష లేదు.

ఎంబీఏ ఎందుకని ప్రొఫెసర్ అడిగారు. నాయకత్వ లక్షణాలు పెంపొందించుకుని సమాజానికి తిరిగి ఇవ్వాలని ఉందన్నాడు కోటి. గుటక. బలహీనత ఏమిటన్నారు. పని మొదలుపెడితే ఆపలేనన్నాడు. గుటక. కంపెనీ యువకుడు ఆవలింత మింగాడు. పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళెవరూ పని ఆపలేనివాళ్ళే అయి ఉంటారు. నాకు భయం వేసింది. పోయినేడు ఇలాగే జరిగింది. సత్తెనపల్లి కొట్లో మామయ్య పక్కన కుర్చీ నాకు ఇక్కణ్ణుంచే కనపడింది.

అప్పటిదాకా నోరు విప్పని మేడమ్ నన్నే చూస్తూ, "ఈ టై ఎవరు కట్టారు?" అన్నారు.

"నేనే మేడమ్." ఈసారి గుటక ఎంత పెద్దదంటే నేను ఒక్కసారి ఎగిరిపడ్డాను.

"అయితే ఒకసారి విప్పి, మళ్ళీ కట్టండి."

కోటి చెయ్యి ముడి దాకా వచ్చి ఆగింది. లింగస్వామి మాటలు వాడి చెవుల్లో మోగుతున్నాయని నాకు తెలుసు. వద్దురా అని నేనూ అనుకున్నాను. మహిమ లేదని నాకు తెలిసినా, అన్నేళ్ళ గౌరవం ఎవరికి చేదు? వాడు కళ్ళు మూసుకుని లాగాడు. ముడి ఊడిపోయింది.

నేను పొడుగ్గా వాడి చేతుల్లో పడ్డాను. అప్పుడు చూశారు అందరూ. నేనంతా వెలిసిపోయి బూడిద రంగుకు తిరిగాను. ముడి లోపల మడతల్లో ఉండిపోయిన ముక్క మాత్రం కొన్ననాటి నీలంగానే ఉంది. కోటి తల వంచి దానివైపే చూశాడు. నన్ను మెడ చుట్టూ వేసి, ఒక కొస పైకి, ఒక కొస కిందికి తిప్పి, చివరికి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాకు రాదు మేడమ్. ఇది నేను కట్టింది కాదు. ఎవరు కట్టారో కూడా తెలియదు. మా హాస్టల్లో అందరం దీన్నే తగిలించుకుని వస్తాం. ముడి విప్పితే సీటు రాదని మా నమ్మకం."

"దీన్ని కట్టుకుని వచ్చి సీటు రానివాళ్ళు లేరా?"

కోటి ఆలోచించాడు. తర్వాత సిగ్గుతో నవ్వాడు. "నేనే ఉన్నా మేడమ్. పోయినేడు ఇదే వేసుకొచ్చా."

మేడమ్ కూడా నవ్వారు. "తెలుగులో చెప్పండి, పర్వాలేదు. మేనమామకు కొట్టు ఉందని రాశారు. అందులో ఎందుకు కూర్చోరు?" అని తెలుగులోనే అడిగారు.

నేనప్పుడు గొంతు మీద లేను. వాడి అరచేతుల్లో ఉన్నాను. చెమట ఉంది, వణుకు లేదు.

"రైతులు పురుగు పట్టిన ఆకు తువ్వాల్లో చుట్టుకుని తెస్తారు మేడమ్. మావయ్య ఆకు చూడడు. ఆ ఏడు ఏ కంపెనీవాళ్ళు డీలర్లని గోవా తీసుకుపోతామన్నారో, వాళ్ళ మందు డబ్బా చేతిలో పెడతాడు. ఒకసారి ఒకాయన మిరపాకు తెచ్చాడు. అది తెగులు కాదు, నీళ్ళెక్కువై వాలిపోయింది, మందు కొట్టొద్దు అన్నా. మావయ్య నన్ను లోపలికి పిలిచి, ముందు వ్యాపారం నేర్చుకోరా అన్నాడు." కాసేపు ఆగాడు. "కొట్లో కూర్చోవడం నామోషీ అయి కాదు నేనిక్కడికి వచ్చింది. మావయ్యలాగా కూర్చోవడం నా వల్ల కాదు. ఇంకో రకంగా కూర్చుంటే ఇల్లు గడుస్తుందా అనేది తెలుసుకుందామని."

గుటక లేదు. ఉంటే అరచేతుల దాకా తెలిసేది. ఎంబీఏ ఎందుకన్న ప్రశ్నకు ఇన్నేళ్ళలో నేను విన్న మొదటి జవాబు అదే. వాడి గురించి నేను అనుకున్నది తప్పని నాకు సిగ్గేసింది. ప్రొఫెసర్ మాత్రం ఎందుకో తల వంచుకుని తన టై సర్దుకున్నారు. వంగినప్పుడు కాలరు వెనక రబ్బరు పట్టీ కనపడింది. బడిపిల్లలు తగిలించుకునే రకం. మేడమ్ చూసీ చూడనట్టు కాగితాలు తిప్పారు.

కోటికి సీటు వచ్చింది.

మామయ్య ఫోన్ చేశాడు. స్పీకర్లో గొంతు గదంతా వినపడింది. "సరేలే, మంచిదే. చదువయ్యాకన్నా వస్తావంట్రా ఇటు?" ఆ గొంతులో పలుపు గురించి వెక్కిరించిన జోరు లేదు. "వస్తా మావయ్యా. కాకపోతే ఆకులు నేను చూస్తా" అన్నాడు కోటి. నేనప్పుడు మేకుకు వేలాడుతున్నాను, గుటక పడిందో లేదో చెప్పలేను. పడలేదనే నా నమ్మకం. నాకూ ఒక నమ్మకం ఉండొద్దా?

వెళ్ళేముందు కోటి చక్రపాణి సార్ కాళ్ళకు దండం పెట్టి జరిగిందంతా చెప్పాడు. సార్ కళ్ళు మెరిశాయట. మర్నాటి నుంచే కొత్త పాఠం మొదలైంది, పేరు నిజాయితీ. తలవంచుకోవడం ఎలా, ఎక్కడ ఆగాలి, సిగ్గుగా ఎంత నవ్వాలి, అన్నీ బోర్డు మీద రాశారు. ఎరువుల కొట్లు లేనివాళ్ళను ఎవరిదైనా ఒక కొట్టు చూసుకోమన్నారు.

హాస్టల్లో నా మహిమ కూడా తిరగబడింది. ముడి ఉంటే కాదు, విప్పితేనే సీటట. మరుసటి ఏడు లింగస్వామి నన్ను ముడి లేకుండా మెడ మీద కండువాలా వేసుకుని ఇంటర్వ్యూకు వెళ్ళాడు. ఎంతసేపు చూసినా ఎవరూ టై మాట ఎత్తలేదు. ఆఖరికి వాడే "సార్, టై గురించి అడగరా?" అన్నాడు. వెళ్ళొచ్చన్నారు.

అలా నా మహిమ అయిపోయింది. లింగస్వామి నన్ను రెండు ముక్కలు చేసి దోమతెర కొసలకు కట్టాడు. పుట్టాక నాకు దొరికిన మొదటి పని ఇది. దోమలు ఆగుతున్నాయి. నీలం ముక్క తల వైపు ఉంది, తెర ఎత్తినప్పుడల్లా వాడి కంట పడుతుంది.

వాడు మళ్ళీ తయారవుతున్నాడు. కొత్త ఎర్ర టై కొన్నాడు. ఫోన్లో వీడియో చూసి కట్టడం నేర్చుకున్నాడు. ఇప్పుడు ఫణీంద్ర కన్నా నున్నగా వేస్తాడు ముడి. పొద్దున్నే అద్దం ముందు నిలబడి చకచకా కడతాడు, చకచకా విప్పుతాడు. తర్వాత తల వంచి, పాఠంలో చెప్పినంత సేపు ఆగి, సిగ్గుగా నవ్వి చెబుతాడు.

"నాకు టై కట్టుకోవడం రాదు మేడమ్."

నేను మంచం కొసన ఉన్నాను. అంత దూరం నుంచి కూడా ఆ గుటక నాకు తెలిసింది.