మినరల్ బిళ్ళలు

పొద్దున్నే రొయ్యల గుంట కాడ్నించి ఇంటికొచ్చేసరికి నా భార్య ఎస్తేరమ్మ గడప మీద కూలబడుంది. చెంబు చెంబు నీళ్లు తాగతా ఉంది, కక్కతా ఉంది. ఆమెకి చాన్నాళ్లుగా షుగరు. గూట్లో చూస్తే షుగరు మాత్రల అట్టలు విప్పకుండా ఉన్నాయి.

"ఎప్పుడు మానినావే?"

"మొన్న రొయ్యలు పట్టినప్పట్నించి. జడ్సన్ తెచ్చిన మినరల్ బిళ్ళలు ఏసుకుంటన్నా. క్రోమియం, జింకు. రొయ్యకి పెంకు మెత్తబడితే నువ్వు మినరల్ చల్లలా? గట్టిపడలా? ఆ మాత్రలు కడుపులో మంట పెడతన్నాయయ్యా."

జడ్సన్ ఆమె తమ్ముడి కొడుకు. రొయ్యల మందుల అంగట్లో పని చేస్తాడు. ఫోన్ చేస్తే షుగరు చూసే మిషనుతో వచ్చినాడు. వేలు పొడిచి రక్తం పెట్టినాడు. అంకె రాలేదు, ఇంగ్లీషు అక్షరాలు రెండు వచ్చినాయి. వాడి మొహం మాడిపోయింది.

"మిషను కొలవలేనంత ఉంది మావా."

"పద, నెల్లూరికి."

"నేను రాను," అనింది ఎస్తేరు. "పోతే ఇన్సులిన్ సూది మొదలు పెడతారు. మా అక్కకి పెట్టినారు, ఏడాది తిరగలా, మట్టి చేసినాం. నన్నూ పంపించాలనా?"

"అత్తా, లెయ్యి. నా తల్లివి గదా."

"నోరు ముయ్యరా, పెద్ద డాక్టరు! బిళ్ళలు తెచ్చింది నువ్వే గదా."

"తెచ్చినా అత్తా. మాత్రలు మానమన్నానా?"

నేను ఆమె ముందర గొంతుక్కూర్చున్నా.

"గుంటకి మినరల్ చల్లినాం గదా అని రాత్రికి ఏరియేటర్లు ఆపేస్తామా, ఎస్తేరూ?"

నీళ్లు చిలికి గాలి కలిపే ఆ చక్రాలు ఆగితే తెల్లారేసరికి ఒక్క రొయ్య మిగలదని ఆమెకీ తెలుసు. గోడ పట్టుకుని లేచింది. లేచి అట్టే నా మీద పడింది.

ఆటో మనుబోలు దాటేసరికి పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. ఊపిరి మాత్రం ఎగపోస్తా ఉంది. జడ్సన్ ప్రార్థన చేస్తన్నాడు, మధ్యలో ఆటోవాణ్ణి తిడతన్నాడు.

ఆస్పత్రిలో సెలైను పెట్టిస్తా డాక్టరమ్మ అడిగింది, "ఏం మందులు వాడతంది?" జడ్సన్ నేల చూసినాడు. ఇంట్లోంచి తెచ్చిన బిళ్ళల సీసాతో వాడి జేబు ఉబ్బి ఉంది. నేనే తీసి బల్ల మీద పెట్టినా.

చదివింది. "ఇవి విషం కాదు పెద్దాయనా. ఒంట్లో లోటుంటే మేమే రాస్తాం. కానీ షుగరు మాత్రలు చేసే పని ఇవి చెయ్యవు. ఇంకో పూట ఆగుంటే మనిషి దక్కేది కాదు."

మర్నాడు సాయంత్రానికి కళ్లు తెరిచింది. నర్సు ఇన్సులిన్ తెచ్చి, ఇంటి కాడ కూడా రోజూ వేసుకోవాలనింది. షుగరు దిగితే మళ్లీ మాత్రలే సరిపోవచ్చంట. ఎస్తేరు సూదిని చూసింది, ఆనక నన్ను చూసింది.

"ఆమె ఎయ్యొద్దు. నువ్వెయ్యి. చస్తే నీ చేతిలోనే చస్తా."

నర్సు చూపించినట్టే పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టుకున్నా. ఆమె గట్టిగా కళ్లు మూసుకుని నా చొక్కా అంచు పట్టుకునింది.

పొడిచినా.

"ఎయ్యవేందయ్యా?" అనింది కళ్లు తెరవకుండానే.

"అయిపోయింది," అన్నా.