రెండోసారి అడగని ఇల్లు

మా అత్తగారికి మొహమాటం ఎక్కువ అంటే చాలా తక్కువ చెప్పినట్టు. ఎవరింటికి వెళ్లినా, కాఫీ ఇస్తే "ఇప్పుడే తాగొచ్చామండీ" అంటారు. భోజనానికి లేవమంటే "కడుపు నిండుగా ఉందండీ" అంటారు. ఇంటివాళ్లు చెయ్యి పట్టుకుని లాగాలి, ఆవిడ రెండుసార్లు వెనక్కి తగ్గాలి, మూడోసారి "మీరింతలా అంటుంటే కాదనలేక" అంటూ కంచం ముందు కూర్చోవాలి. ఈ తతంగమంతా అయ్యాక మారు వడ్డించుకుని మరీ శుభ్రంగా తింటారు. మనలో అందరం అంతేననుకోండి. కాకపోతే ఆవిడ ఆ విద్యలో పండిపోయారు.

అలాంటి మనిషిని వెంటబెట్టుకుని నేను పరాయి దేశం వెళ్లాను.

నేను పళ్లు చేస్తాను. తినే పళ్లు కాదు, కొరికే పళ్లు. డాక్టర్లు పంపిన అచ్చు చూసుకుని, పింగాణీ పొడి తడిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర వేసి, కొలిమిలో కాల్చి క్యాపులు తయారుచేస్తాను. మా ల్యాబ్ ఓనరు కొత్త రకం కొలిమి తెప్పించాడు. దాని మీద పని నేర్చుకోవాలంటే నెల రోజులు ఆ కంపెనీ వాళ్ల ఊళ్లో ఉండాలి. "వెళ్లొస్తే ఆ సెక్షనంతా నీదే, వెళ్లకపోతే ఇంకొకరిని చూసుకుంటాను" అని చావు కబురు చల్లగా చెప్పాడు. అప్పటికి మా బుడ్డోడికి ఐదో నెల. డబ్బా పాలు పట్టి చూస్తే పట్టినవి పట్టినట్టే కక్కేశాడు. మా ఆయనకి సెలవు లేదు. నేను ఆశ వదిలేసుకుంటుంటే, "పిల్లాణ్ణి నేను చూసుకుంటాలే, పద" అన్నారు అత్తయ్య. లిఫ్టు ఎక్కాలంటేనే కళ్లు మూసుకునే మనిషి, విమానం ఎక్కి కూర్చున్నారు.

కంపెనీ వాళ్లు మాకు ఒక ఇంటి మేడ మీద గది చూశారు. రెండు మంచాలు, నీళ్లు కాచుకునే కెటిల్, కిటికీలోంచి చూస్తే ఎదురింటి గోడ. కింద ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. ముందు గదిలో మిషను పెట్టుకుని కర్టెన్లు కుడుతుంది కాబట్టి మేమిద్దరం ఆవిడకి కర్టెన్లావిడ అని పేరు పెట్టుకున్నాం. ఆవిడ భాష మాకు రాదు, మన భాష ఆవిడకి రాదు. ఏదైనా చెప్పాలంటే నా ఫోనే దిక్కు. నేను పనికి పోతే ఆ దిక్కూ లేదు.

దిగిన రోజు సాయంత్రమే ఆవిడ మూత పెట్టిన గిన్నె ఒకటి పట్టుకుని పైకి వచ్చింది. అత్తయ్య తలుపు దగ్గరే ఎదురెళ్లి, నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టి, "వద్దమ్మా, ఇప్పుడే తిన్నాం" అన్నారు. తిన్నది ఏమిటయ్యా అంటే, విమానంలో ఇచ్చిన బన్ను. కర్టెన్లావిడ ఓసారి ఆవిడ మొహంలోకి చూసి, తలూపి, గిన్నెతో సహా కిందికి దిగిపోయింది.

"మళ్లీ వస్తుంది చూడు" అన్నారు అత్తయ్య, తలుపు వంకే చూస్తూ.

రాలేదు. "మరీ అంత పొడిపొడిగానా! ఒక్క మాటకే వెళ్లిపోతారా ఎవరైనా?" అని ఆశ్చర్యపోయారు. నేనూ ఆశ్చర్యపోయాను. ఆ గిన్నెలో ఏముందో మేమిద్దరం చూడనేలేదు. ఏదో మాంసం కూర అయ్యుంటుంది, వద్దనడమే మంచిదైందని మనసుకి నచ్చచెప్పుకున్నాం.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. మన దగ్గర్నుంచి మోసుకెళ్లిన కరెంటు కుక్కర్లో బియ్యం పోసి స్విచ్చి వేశాను. ఠప్పుమని ఇల్లంతా చీకటైపోయింది. కర్టెన్లావిడ టార్చితో వచ్చి, ఫ్యూజు సరిచేసి, కుక్కర్ని చూపించి వేలు అడ్డంగా ఊపి వెళ్లింది. అత్తయ్యకి తల తీసేసినంత పనైంది. కుక్కర్ని మంచం కిందికి తోసేశారు. నేను ఎంత మొత్తుకున్నా మళ్లీ ముట్టనివ్వలేదు.

ఇక మా తిండి కష్టాలు మొదలయ్యాయి. కంపెనీ క్యాంటీన్లో మాంసం లేని వంట లేదు. ఆకుకూర ముక్కలనుకుని పళ్లెంలో పెట్టించుకుంటే అడుగున కోడి ముక్క తేలింది. వీధి చివర హోటల్లో ఫోను చూపించి "మాంసం వద్దు" అంటే, అంతా అర్థమైనట్టు తలూపి సూప్ తెచ్చాడు. నాలుగు చెంచాలు తాగాక ఎముక తగిలింది. మిగిలినవి రొట్టె, పెరుగు, అరటిపళ్లు. తెచ్చుకున్న కందిపొడి రొట్టె మీద చల్లుకుని కొన్నాళ్లు లాగించాం. ఆ పొడి కూడా అయిపోయాక రొట్టె ముక్క గొంతు దిగనని మొరాయించింది. ఊళ్లో వాళ్ల నోళ్లకి పళ్లు కట్టే దాన్ని, నా పళ్లకి మాత్రం నమలడానికి ఏమీ లేకుండా పోయింది.

కింద నుంచి మాత్రం వెల్లుల్లి వేగుతున్న వాసన వచ్చేది. ఆ వాసన పీలుస్తూ పాలలో రొట్టె ముంచుకు తినడం ఎంత నరకమో అనుభవించినవాళ్లకి తెలుస్తుంది. ఒకరోజు నుంచి ఆ వాసనా ఆగిపోయింది. కర్టెన్లావిడ వంటింటి తలుపు గట్టిగా మూసుకుని వండుకోవడం మొదలుపెట్టింది.

"కరెంటు పోగొట్టామని కోపం కాబోలు" అన్నారు అత్తయ్య.

"కోపమా, పొగరా? తలుపేసుకుని తింటోంది చూడండి" అన్నాను. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. "పోనీ నేను వెళ్లి అడగనా? డబ్బులిస్తాం, ఇంత కూరగాయలు ఉడకేసి పెట్టమని?"

అత్తయ్య నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. "నోరు తెరిచి తిండి అడుగుతామా అమ్మాయ్? ఇంకా అంత గతి పట్టలేదు."

రెండో వారానికి నాకు పాలు తగ్గిపోయాయి. పిల్లాడు రొమ్ము పట్టుకుని నాలుగు గుక్కలు తాగి, వదిలేసి, ఏడుపు లంకించుకునేవాడు. మళ్లీ పట్టేవాడు, మళ్లీ వదిలేవాడు. వాడి తొడల మీద మడతలు తగ్గాయని స్నానం చేయిస్తూ అత్తయ్య గమనించారు. పనిలోనూ అంతే. కుంచె పట్టుకుంటే చెయ్యి వణికేది. నేర్పించే ఆయన నా పన్నుని వెలుతురులో పెట్టి చూసి, పక్కన పడేసి, మళ్లీ చెయ్యమన్నాడు. లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మాయి.

ఆ పొద్దున పిల్లాడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు పడుకున్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. "టిక్కెట్లు మార్పించేస్తాను అత్తయ్యా. ఉద్యోగం పోతే పోయింది. వీడి నోటి దగ్గర పాలు ఎండగట్టుకుని నేనేం నేర్చుకోను?" అన్నాను. ఆవిడ పిల్లాడి పాదాలు నిమురుతూ కూర్చున్నారు.

మధ్యాహ్నం పాలివ్వడానికి వచ్చేసరికి గది తలుపు బార్లా తీసి ఉంది. మంచం ఖాళీ. అత్తయ్య లేరు, పిల్లాడు లేడు. రెండేసి మెట్లు దిగి కిందికి పరిగెత్తాను. మూసి ఉండే వంటింటి తలుపు ఆ రోజు తీసి ఉంది.

గడప దగ్గర మా అత్తగారు నిలబడి ఉన్నారు. చంకలో పిల్లాడు. ఇంకో చేతిలో మేము తెచ్చుకున్న స్టీలు కంచం, ఖాళీది, ముందుకి చాపి పట్టుకుని ఉన్నారు.

"ఆకలమ్మా" అంటున్నారు. తెలుగులోనే. "నా కోడలికి. పిల్లతల్లి. దానికి పాలు రావట్లేదు. నీ దగ్గర ఏదుంటే అది, ఇంత పెట్టు తల్లీ."

నన్ను చూసి కూడా కంచం దించలేదు.

కర్టెన్లావిడ ఉల్లిపాయ తరుగుతున్నదల్లా కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని వచ్చి, రెండు చేతులతో ఆ కంచం అందుకుంది. నేను పిల్లాణ్ణి తీసుకున్నాను. చేతులు ఖాళీ అవగానే అత్తయ్యకి అసలు సంగతి గుర్తొచ్చింది. రెండు మోచేతులూ రెక్కల్లా ఆడించి, "కొక్కొరొకో" అని కూసి, అది వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. అంతటితో ఊరుకోక మేకలా కూడా అరిచారు. కర్టెన్లావిడ పకపకా నవ్వింది. అత్తయ్యని చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గరికి తీసుకెళ్లి ఒక్కొక్క గిన్నె మూతా తీసి చూపించింది. పాలకూర వేసి ఉడికించిన శనగలు. నూనెలో వేయించిన వంకాయ ముక్కలు. తెల్లటి అన్నం. మాంసం మచ్చుకైనా లేదు.

నేను ఫోను తీశాను. వార్తలు చదివే వాళ్ల తెలుగులో ఆవిడ మాటలు వినిపించింది ఫోను.

"మీరు మాంసం తినరని కంపెనీ వారు ముందే తెలిపారు. మొదటి రోజు మీ కొరకు శనగలు వండి తెచ్చాను. మీరు వద్దన్నారు. ఇతరుల చేతి వంట మీరు తినరేమో అనుకున్నాను. నా వంట వాసన మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని తలుపు మూసుకున్నాను."

"మరి రెండోసారి అడగలేదేం?" అనేశాను. నోరు ఊరుకుంటేగా.

ఆవిడ తెల్లబోయింది. "వద్దన్నవారిని మళ్లీ అడిగితే, వారి మాట నమ్మనట్టు కదా. మా అమ్మ అలాగే నేర్పింది."

సిగ్గుతో నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పొగరనుకున్న మనిషి ఇన్నాళ్లూ మా మాటకి మర్యాద ఇచ్చింది. ఆ తలుపు మా కోసమే మూసింది. మేము చెప్పిన అబద్ధాన్ని ఆవిడ నిజాయితీగా నమ్మింది, అంతే.

పిల్లాణ్ణి మళ్లీ అత్తయ్య చేతికిచ్చి, కూర్చుని తిన్నాను. తినడమా అది! ఆవురావురుమంటూ, వేళ్లు నాకుతూ, మాట్లాడకుండా తిన్నాను. శనగల్లో నిమ్మరసం పిండింది ఆవిడ. వేడి అన్నంలో ఆ పులుపు తగిలితే ప్రాణం లేచొచ్చింది. కర్టెన్లావిడ గరిటె నా చేతికి దగ్గరగా జరిపి, మళ్లీ ఉల్లిపాయలు తరుక్కోవడానికి పోయింది. నాకు ఎంత కావాలో నేనే వేసుకున్నాను. నా జన్మలో నేను ఎవరి చేతి వంటకీ అంత రుణపడలేదు. ఆ మాట ఫోనులో చెప్పబోయి, ఎంగిలి చెయ్యి అడ్డొచ్చి, ఆవిడ వంక తలెత్తి చూశాను. ఆవిడకి అర్థమైంది. భుజం మీద తట్టింది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం, రాత్రి మాకు అక్కడే భోజనం అని తేల్చేసింది. సాయంత్రం పని నుంచి వచ్చి పిల్లాణ్ణి ఒళ్లో వేసుకున్నాను. పాలు పొంగుకొచ్చాయని చెప్పను, ఒక్క పూట తిండికే అంత మహిమ ఉండదు. కానీ వాడు ఏడవలేదు. గుటకలు వేస్తూ, నా కొంగు పిడికిట్లో పట్టుకుని, నిదానంగా తాగాడు. అత్తయ్య పక్క మంచం మీద వాడి బట్టలు మడతలు పెడుతూ చూస్తున్నారు.

"అత్తయ్యా, మీరు ఎలా అడగగలిగారు?" అన్నాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను.

ఆవిడ చొక్కా ఒకటి మడిచి, విప్పి, మళ్లీ మడిచారు.

"మీ ఆయనకి నా పాలు లేవు, తెలుసుగా."

తెలుసు. ఆవిడకి పాలు పడలేదని, మా ఆయన గేదె పాల మీద పెరిగాడని ఇంట్లో అందరూ అనే మాటే.

"పాలు పడకపోవడం కాదమ్మాయ్. అందరి భోజనాలూ అయ్యాక గిన్నెలో ఏం మిగిలితే అది తినేదాన్ని. ఒక్కోరోజు మిగిలేది కాదు. తిన్నావా అని మా అత్తగారు అడిగితే తిన్నానండీ అనేదాన్ని. ఆవిడ మళ్లీ అడిగేది కాదు. కొట్టు నిండా బియ్యం ఉన్న ఇల్లు. ఆకలేస్తోందని ఒక్క మాట నోట్లోంచి రాలేదు నాకు. పిల్లాడు గేదె పాలు పడక నెలల తరబడి విరేచనాలతో చిక్కి శల్యమయ్యాడు. పొద్దున వీడి తొడలు చూస్తే వాడే గుర్తొచ్చాడు. అప్పుడు అడగలేకపోయాను. ఇప్పుడైనా అడగకపోతే మనిషినేనా అనిపించింది."

ఎప్పుడో పోయిన ఆ పెద్దావిడ మీద కోపం వచ్చింది. ఇన్నేళ్లుగా ఈవిడ మొహమాటాన్ని చూసి నవ్వుకున్న నా మీద ఇంకా కోపం వచ్చింది. అన్నిటికంటే ముందు, ఎదురుగా కూర్చున్న ఈ మనిషి నా కొడుక్కి, నాకు ఏమి ఇచ్చిందో తెలిసి కళ్లు నిండిపోయాయి. లిఫ్టుకి భయపడే మనిషి విమానం ఎక్కడం నాకు పెద్ద సాహసంలా అనిపించింది. అది ఏ మూలకీ రాదు. ఆ మెట్లన్నీ దిగి, ఆ గడప దగ్గర కంచం చాపడం ముందు అదెంత!

అప్పుడు తట్టింది నాకు. మధ్యాహ్నం నేను తింటున్నంతసేపూ పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడ్డారు ఆవిడ. కర్టెన్లావిడ పళ్లెం పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టినట్టు లీలగా గుర్తు. నా తిండి యావలో నేను పట్టించుకోనేలేదు.

"మీరు మధ్యాహ్నం తిన్నారా?"

"ఆ, తిన్నాలే" అన్నారు అలవాటుగా.

నేను మళ్లీ అడగలేదు. అలా చూస్తూ ఉండిపోయాను. ఆవిడ చేతిలో బట్ట పక్కన పెట్టారు. మొహం ఎర్రబడింది. ఒళ్లో చేతులు పెట్టుకుని, కొత్తగా మాటలు నేర్చుకున్నదానిలా, నెమ్మదిగా అన్నారు.

"లేదమ్మాయ్. ఆకలేస్తోంది."

పిల్లాణ్ణి భుజాన వేసుకుని లేచాను. ముగ్గురం కిందికి దిగాం.