లేజరు బదులు మాత్రలు

"కుడికంటి లోపల రక్తం నిండిపోయింది. ఎడమకన్నైనా దక్కాలంటే ఇవాళే లేజరు చేయాలి," అన్నాడు సమోవా రాజధాని అపియాలోని ఆస్పత్రి కంటి డాక్టరు.

ఇయోసేఫో వద్దన్నట్టు తల ఊపాడు.

కూతురు తిరేసాకు ఒళ్లు మండిపోయింది. "పోయినేడే చేయించుకోమన్నారు కదా నాన్నా! షుగరు తినేసే కంటిని ఈ యాంటీఆక్సిడెంట్ మాత్రలు నిలబెడతాయని చెప్పిన మహానుభావులెవరు?"

"ఎవరైతే ఏంలే."

"పాస్టరమ్మా?"

"ఛ, పాపం!"

"మరి సంతలో చేపలమ్మే సెఫో మామా?"

"వాడికి చేప కన్నే సరిగ్గా తెలీదు, నా కన్నేం తెలుస్తుంది?"

పక్కనే విసనకర్ర ఊపుకుంటున్న మేనత్త ఫువాటినో కసిరింది. "వదిలేయవే! ఎవరిచ్చినా మంచికే ఇచ్చుంటారు. ఇంకో సీసా వాడితే సరి."

ఇయోసేఫో తల దించుకున్నాడు. మాత్రలిచ్చిందెవరో తిరేసాకు అర్థమైంది. అక్క మాటకు ఎదురు చెప్పిన తమ్ముణ్ణి సమోవాలో మనిషిగా చూడరు. అత్తను తను నిలదీసినా లాభం లేదు, నాన్న నోరు తెరవాల్సిందే.

"నాన్నా, ఆ ఒక్క కన్నూ పోతే అత్త మొహం కూడా కనపడదు నీకు."

విసనకర్ర ఆగింది. ఇయోసేఫో తడుముకుంటూ డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

"కానివ్వండి డాక్టరుగారూ. లేజరు వద్దు, మాత్రలు చాలన్నది మా అక్క. ఈ ఫువాటినో అక్కే."